ఏటి సూతకంలో ఉత్తర ధ్రువం

మా ఆవిడ పోయి ఏడాది తిరగకముందే నేను నార్వే ఉత్తరపు కొసకు వెళ్ళాలనుకున్నాను. అక్కడ నిటారు కొండల మధ్యకు సముద్రం చాలా లోపలిదాకా చొచ్చుకొచ్చి ఉంటుంది. ఆ పాయల్ని ఫియోర్డులంటారు. ఆవిడ వాటినీ, వాటిలో తిరిగే బుల్లి పడవల్నీ ఫోనులో చూసేది. నేను ఫియోర్డుల గురించి పుస్తకాలు చదివేవాణ్ణి. మంచు రాతిని ఎలా తొలిచిందో నేను వివరిస్తుంటే మధ్యలో ఆపేది.

"అది సరేగానీ, ఆ బుల్లి పడవలో మనం కూసోవచ్చా లేదా, అది చెప్పండి."

పుస్తకాల్లో అది రాసి లేదు. ఆవిడ పోయాక, ఆ పడవలో కూర్చుని రావాలన్న కోరిక ఒక్కటే నాకు మిగిలింది.

మమ్మల్ని కాశీకి తీసుకెళ్ళిన తిరుపతి ట్రావెల్స్ ఆయన దగ్గరికే వెళ్ళాను. అక్కడ చేయదగ్గవన్నీ ఆయన చదివి వినిపించాడు. మంచులో కొండెక్కడం, కుక్కలు లాగే బండి, చిన్న పడవ, ఆవిరి గదిలో కూర్చుని ఆ వెంటనే సముద్రంలో దూకడం.

"ఉడికినాక దూకేదెందుకప్పా?"

"అదే సార్ ఆడ సంతోషం. ఒకటి ముందే చెప్తా ఉండా, కాశీకొచ్చినట్టు మన వంటాయన ఆడికి రాడు."

అన్నీ కావాలన్నాను. చదువుకున్నవాడి ధైర్యం అలాగే ఉంటుంది.

వడమాలపేట నుంచి మా అక్క వచ్చి సంగతి వింది. మా వైపు ఇంట్లో మనిషి పోతే ఏడాది నిండేదాకా ఏటి సూతకమని దేవుడి కొండెక్కరు. తిరుమల కొండ ఇంటి వాకిట్లోంచి కనిపిస్తున్నా నేనూ కిందినుంచే చూస్తున్నాను.

"ఏటి సూతకంలో కొండెక్కుతావా? బుద్ధుండాదా నీకు?"

"అది దేవుడి కొండ కాదక్కా. ఆడ గుడి లేదు."

"దేవుడే లేని కొండకి ఇంకెందుకు ఎక్కేది?"

ఇలాంటివి నేను నమ్మనని కాలేజీలో పాఠాలు చెప్పినన్నాళ్ళూ చెప్పాను. ఆ సాయంత్రమే ట్రావెల్స్ ఆయనకు ఫోన్ చేసి కొండ తీసేయమన్నాను. నా మోకాళ్ళు కూడా ఆచారం పక్షమే.

తర్వాత చలి. మా బావమరిది చిత్తూరులో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. "బావా, ఉత్తినే భయపడేదెందుకు? మా కోల్డ్ స్టోరేజీలో నిలబడి సూడు" అన్నాడు. రెండు స్వెట్టర్లు, మంకీ క్యాపు, చేతులకు గ్లౌజులు వేసుకుని వెళ్ళాను. లోపల గుజ్జు డ్రమ్ములు దొర్లిస్తున్నవాళ్ళు మామూలు చొక్కాల్లో ఉన్నారు.

"ఎవురన్నా ఈయన? తనిఖీకొచ్చినాడా?" అని ఒకడు అడిగాడు.

"మా బావ. ధ్రువానికి పోతాండాడు."

"ఈ చలికేనా అంత కట్టుకున్నేది?"

కాసేపటికే బయటికొచ్చేశాను. కళ్ళద్దాలకు ఆవిరి పట్టి బావమరిది మొహం కనపడలేదు. నవ్వు మాత్రం వినిపించింది. కుక్కల బండీ పోయింది, సముద్రంలో దూకడమూ పోయింది. ధ్రువ ప్రాంతంలో నేను చేయగలిగింది పడవలో కూర్చోవడం ఒక్కటే అని తేలింది. నాకు కావలసిందీ అదే కాబట్టి బాధపడలేదు.

అప్పుడు ట్రావెల్స్ ఆయన ఫోన్ చేశాడు.

"సార్, కొత్తవాళ్ళకి ఇద్దరు కూసునే పడవే ఇస్తారంట. ఒక్కరికి ఇయ్యరు. తోడెవరు సార్?"

మళ్ళీ చెబుతానని పెట్టేశాను. ఇన్నాళ్ళూ ఆ పడవలో రెండో మనిషిగా ఆవిడనే ఊహించుకుంటున్నానని అప్పుడు తెలిసింది. ఆవిడ చోటులో ఎవరినీ కూర్చోబెట్టలేను. కూర్చోబెట్టకపోతే నేనూ కూర్చోలేను. ప్రయాణం మానుకున్నానని అక్కకు చెప్పాను.

"మరదలు కూసోవాలనుకున్న పడవ అదేనా?"

"అదే."

"అది కొండ మీద లేదు గదా?"

"నీళ్ళలో ఉంటుందక్కా."

"నీళ్ళకి సూతకం లేదులే. నేనొస్తా."

"నీకు ఈత రాదు."

"నీకొచ్చునా?"

రాదు. అక్క ఎదురుగానే ట్రావెల్స్ ఆయనకు ఫోన్ కలిపాను. ఆయన హలో అన్నాడు. తోడు దొరికిందని నేను చెప్పేలోపే అక్క ఫోను లాక్కుంది.

"ఇదో అబ్బా, ఆ పడవలో ఇంకో మనిషి వస్తాదని రాసుకో. నేనే, సారు వాళ్ళక్కని. ముసిలిదని మాత్రం ఆడెవురికీ చెప్పొద్దు, దించేస్తారు."