ఎర్రపూస, పచ్చపూస

పోలీస్ యాక్షన్ జరిగిన కొన్నేళ్ళకు, సికింద్రాబాద్ స్టేషన్‌లో ఆడవాళ్ళ వెయిటింగ్ రూములో ఒకామె నా పక్కన కూర్చుంది. బురఖా ముసుగు వెనక్కి వేసుకుని చంటిపిల్లను ఆడిస్తోంది. ఆ పిల్ల మెడలో పూసల దండ చూసి ఉలిక్కిపడ్డాను. అచ్చం అలాంటిదే నా సంచిలో ఉంది.

ముగ్గురు పిల్లలు చాలనుకుని ఆ ఉదయమే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. రబ్బరు సాధనాలూ, మందులూ చూపించింది. వాటిని ముట్టుకోవడానికే సిగ్గేసి పూసల దండ ఎంచుకున్నాను. రోజుకో పూస జరపాలి. ఎర్రపూస వచ్చిన రోజు భర్తకు దూరంగా ఉండాలి, ఆకుపచ్చ పూస రోజు భయం లేదు.

నా దండ తీసి ఆమెకు చూపించాను.

"లెక్క తప్పారా?" అని మెల్లగా అడిగాను.

"నేనేం తప్పలే అక్కా, రోజూ జరిపిన. మా ఆయన నిజాం ఫౌజుల ఉండె. పోలీస్ యాక్షన్ల నౌకరీ పాయె. పొద్దంత ఇంట్లనే. గసుంటి మొగోనికి ఎర్రపూసేంది, పచ్చపూసేంది? వద్దంటే, నౌకరీ లేదని నువ్వు సుత ఇజ్జత్ ఇస్తలేవా అని కొట్టిండు."

పిల్ల మెడలో దండను సర్దింది. "నాకైతే అక్కరకు రాలే, దీనికన్న అక్కరకొస్తదని ఏసిన."

పాపం, మొగుడి ఉద్యోగం పోబట్టే కదా అని జాలిపడి రైలెక్కాను.

మావారి ఉద్యోగం పోలేదు. ఆ ఏడాది రైల్వేలో ప్రమోషన్ కూడా వచ్చింది. నా పూసల దండ మా నాలుగోవాడి మెడలో తెగిపోయింది.