పాలు ముట్టని పాము

నా చిన్నప్పుడు ఆళ్లగడ్డలో మా ఇంటివాళ్ళు నాగుల చవితికి పుట్ట దగ్గరికి వెళ్ళేవారు కాదు. పామే మా ఇంటికి వచ్చేది. వీధి వైపు మా నాయన నూనెల అంగడి, దాని వెనక ఇల్లు, ఇంటి వెనక వేరుశనగ బస్తాలు వేసుకునే కొట్టం. చవితికి నాలుగు రోజుల ముందు శిరివెళ్ల వైపు నుంచి ఒక పాములాయన బుట్టతో వచ్చి ఆ కొట్టంలో దిగేవాడు. పండగ నాడు మొదట మా ఇంట్లో, ఆ తర్వాత వీధిలోని మిగతా ఇళ్ళలో అతని నాగుపాముకు పాలు పోసేవారు. పోసిన ప్రతి ఇల్లూ అతనికి చేటెడు జొన్నలు, ఒక పాత బట్ట ఇచ్చేది. ఆ జొన్నలతోనే అతని ఇంట్లో కొన్ని నెలలు పొయ్యి వెలిగేది.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. బడి వదలగానే కొట్టంలోకి వెళ్ళి అతనికి కాస్త దూరంగా కూర్చునేదాన్ని. అతను మాటకారి కాదు. పాముల తిండి గురించి అడిగితే మాత్రం ఓపికగా చెప్పేవాడు. పాముకు మనలాగా పూట పూటకూ తిండి అక్కర్లేదట. ఒక ఎలుకనో కప్పనో మింగితే పది పదిహేను రోజులు ఊరికే పడి ఉంటుందట. తిన్న తర్వాత దాన్ని కదిలిస్తే మింగిందంతా కక్కేస్తుందట. పొర విడిచే ముందు దాని కళ్ళు పాలమీగడ కప్పినట్టు తెల్లబడతాయి, అప్పుడు నోటి దగ్గర ఏం పెట్టినా ముట్టదట. కోరలు పీకిన పాము వేటాడలేదు కాబట్టి చచ్చిన కప్పపిల్లలను తనే వేలితో దాని నోట్లోకి తోస్తానని కూడా చెప్పాడు. ఆ చివరి సంగతి చెప్పేటప్పుడు అతని గొంతు మారలేదు. వంకాయ తరిగే పద్ధతి చెప్పినట్టు చెప్పాడు.

బుట్ట పక్కన నీళ్ళ మూకుడు లేదన్న సంగతి ఆ ఏడే మొదటిసారి గమనించాను.

"మూకుడు యాడ?" అని అడిగాను.

"చవితి అయ్యేదాకా నీళ్ళు బంద్ పాపా."

"ఎందుకు?"

"దప్పిక లేకుంటే పాలు తాగుతాదా అది? పాలు తాగనీకి అదేమన్నా నీమాదిరి శెట్టిగారి బిడ్డా?" అని నవ్వాడు. "పదైదు దినాలు ఎండబెడ్తే ముందర ఏది పెట్టినా నీళ్ళనుకోని తాగుతాది."

"తాగితే ఏమైతాది?"

"కొన్నిటికి పడ్తాది. కొన్నిటికి పడదు. పోయినేడు తెచ్చినదానికి పడలే." గొంతు తగ్గించి, "ఈ మాట ఇంట్లో అనాకు" అన్నాడు.

నేను ఇంట్లో అనలేదు. కానీ ఆ రాత్రి సరిగా నిద్రపోలేదు. మరునాడు, అంటే చవితికి ముందు రోజు మధ్యాహ్నం, అతను బీడీల కోసం బజారుకు పోయాడు. నేను ఇత్తడి గిన్నెలో నీళ్ళు తీసుకుని వెళ్ళి బుట్ట మూత ఎత్తాను. కోరలు లేవని తెలుసు కాబట్టి భయం తక్కువగా ఉంది. పాము పడగ ఎత్తలేదు. తల మాత్రం జరిపి మూతిని నీళ్ళలో పెట్టింది. చప్పుడు లేదు. దవడలు మెల్లగా కదులుతుంటే గిన్నెలో నీళ్ళు తగ్గుతూ వచ్చాయి. అంతసేపు ఒక ప్రాణి నీళ్ళు తాగడం నేను అంతకుముందు చూడలేదు. అది చాలించాక మూత పెట్టి వచ్చాను. చాలా మంచి పని చేశానని అనుకున్నాను.

ఆ ఏడు చవితి మా ఇంట్లో మామూలు చవితి కాదన్న సంగతి నాకు తెలియక కాదు. మా నాయన తమ్ముడి భార్య, మా పిన్ని, అప్పుడు ఆరో నెల కడుపుతో ఉంది. అంతకుముందు రెండుసార్లు నెలలు నిండకుండానే బిడ్డలు పోయారు. నాగదోషం ఉందని ఎవరో చెబితే, ఈసారి బతికున్న పాముకు పిన్ని తన చేత్తో పాలు పట్టాలని మా అవ్వ మొక్కుకుంది. ఆ మొక్కుకూ నేను పెట్టిన నీళ్ళకూ సంబంధం ఉందని మాత్రం నాకు తట్టలేదు.

తెల్లవారి పిన్ని తలంటుకుని, తడి జుట్టుతోనే వచ్చి బుట్ట ముందు కూర్చుంది. వెండి గిన్నెలో పాలు. పాములాయన మూత తీశాడు. పాము తల ఎత్తి చూసి, గిన్నె అంచు మీదుగా పక్కకు జరిగింది. పిన్ని గిన్నెను ముందుకు జరిపింది. అది మళ్ళీ పక్కకు తిరిగింది.

"తాగు నాయనా, ఒక్క గుక్క తాగు" అంది పిన్ని. బిడ్డను బతిమాలినట్టే బతిమాలింది. మూడోసారి దగ్గరికి పెట్టేసరికి గిన్నె బుట్ట అంచుకు తగిలి పాలు నేల మీద ఒలికాయి.

"ఏందప్పా ఇది?" అన్నాడు మా నాయన.

పాములాయన వంగి బుట్టలో చెయ్యి పెట్టాడు. అడుగున పరిచిన గోనెపట్ట ఒక మూల తడిగా ఉంది. నేను గిన్నె ఎత్తేటప్పుడు ఒలికిన నీళ్ళు. అతను ఆ తడిని వేలితో తాకి, తల ఎత్తి, అందరిలోకీ నన్నొక్కదాన్నే చూశాడు.

"తప్పు నాది శెట్టిగారూ" అన్నాడు. "పొర ఇడిసే కాలం దీనికి. ఇప్పుడు ఏదీ ముట్టదు. చూసుకోకుండా తెచ్చినా."

అది అబద్ధమని ఆ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. పాము కళ్ళు నల్లగా, స్పష్టంగా ఉన్నాయి.

అవ్వ నమ్మలేదు. "ఏం కతలు చెప్తాండావురా? మా కోడలి చేతి పాలు నాగయ్యకు పనికిరాలే. ఆ మాట నోరిడిసి చెప్పలేక పొర అంటాండావు" అంది. పిన్ని అక్కడే ఉంది. ఆ మాట విన్నది. కొంగుతో నేల మీది పాలు తుడవడం మొదలుపెట్టింది. నేను నోరు తెరవాల్సిన క్షణం అదే. స్తంభం వెనక్కి జరిగాను.

మా నాయన అతన్ని ఇంక గడప తొక్కవద్దన్నాడు. మధ్యాహ్నానికి సంగతి వీధంతా పాకింది. పాలు ఒల్లని పామును ఎవరూ ఇంట్లోకి రానివ్వలేదు. అతను ఖాళీ సంచి మడిచి భుజాన వేసుకుని, బుట్ట పట్టుకుని రోడ్డు వైపు నడిచాడు. నేను వెనకే పరిగెత్తాను. బస్సులు ఆగే చోట అతను నా కోసం ఆగాడు. తిడతాడనుకున్నాను.

"నీళ్ళు పెట్టినందుకు నిన్ను నేనేమీ అనను పాపా" అన్నాడు. "దప్పికైనదానికి నీళ్ళు పెడ్తివి. నాతో ఒక్క మాట చెప్పింటే చాలు. మావోళ్ళ కాడ ఎండబెట్టిన ఇంగో పామును తెచ్చుకుంటాంటి."

బస్సు వచ్చింది. అతను ఎక్కి వెళ్ళిపోయాడు. మళ్ళీ మా వీధికి ఎప్పుడూ రాలేదు.

అతను నన్ను కాపాడాలని ఆ అబద్ధం ఆడాడా, దప్పిక సంగతి బయటపడితే ఇంక ఎవరూ పాలు పోయరని ఆడాడా అని చాలా ఏళ్ళు ఆలోచించాను. రెండూ కావచ్చు. నా పేరు చెప్పలేదన్నది మాత్రం నిజం.

రెండు నెలల తర్వాత నంద్యాల ఆసుపత్రిలో పిన్నికి చనిపోయిన బిడ్డ పుట్టింది. మగపిల్లవాడు. ఆ పైన ఆమెకు కడుపు పండలేదు. ఇంట్లో ఎవరూ వేరే కారణం వెతకలేదు. పాము ముందే చెప్పింది కదా అన్నారు. పిన్ని కూడా అదే నమ్మింది.

నేను చదువుకుని నంద్యాలలో ముప్పై ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పాను. పాము పాలు తాగదని, దాహంతో మాడిస్తేనే తాగుతుందని, తాగి చాలాసార్లు చస్తుందని ప్రతి ఏడూ చవితి ముందు తరగతిలో చెప్పేదాన్ని. ఒక్క పిన్నికి చెప్పలేదు. మొదట భయం. తర్వాత, ఇప్పుడు కదిలించడం ఎందుకన్న సాకు. అది చాలా సౌకర్యమైన సాకు.

పోయిన ఏడు ఆమె కొన్నాళ్ళు మా ఇంట్లో ఉంది. చిన్నాన్న పోయి అప్పటికి చాలాకాలం. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, చెవులు బాగానే పనిచేసేవి. ఒక మధ్యాహ్నం పక్కన కూర్చుని అంతా చెప్పాను. ఇత్తడి గిన్నె, తడిసిన గోనెపట్ట, అతను బస్సు దగ్గర అన్న మాట, ఏదీ దాచలేదు. ఆమె మధ్యలో ఆపలేదు. అయిపోయాక చాలాసేపు తన చేతుల వైపు చూసుకుంది.

"అంటే, అది నన్ను ఒల్లకుండా పోలేదన్నమాట" అంది.

"లేదు పిన్నీ. దాని కడుపు నిండా నీళ్ళున్నాయి."

"నా చేతులు మంచివి కావని ఎవురి బిడ్డనూ ఎత్తుకోలేదే నేను. నీ కొడుకును గూడా ఎత్తుకోలే. తెలుసు కదా నీకు?"

తెలుసు. ప్రసవమై నేను పుట్టింట్లో ఉన్నప్పుడు ఆమె గుమ్మం దగ్గరే నిలబడి చూసి వెళ్ళేది. లోపలికి రమ్మని నేను అన్నాను, అంతకంటే ఏమీ అనలేదు.

ఆమె నన్ను తిట్టలేదు. నా వైపు తిరిగి అడిగింది. "ఆ దినమే చెప్పింటే ఏం చేస్తాండ్రి అమ్మీ నిన్ను?"

"కొడ్తాండ్రి" అన్నాను.

"కొడ్తాండ్రి, అంతే గదా" అంది పిన్ని.

ఈ ఏడు వేసవిలో ఆమె పోయింది. పాముకు నీళ్ళు పెట్టినందుకు నేనెన్నడూ బాధపడలేదు, ఇప్పుడూ పడను. ఆ పని నేనే చేశానని చెప్పి ఉంటే మా నాయన చేతిలో రెండు దెబ్బలు తినేదాన్ని. సాయంత్రానికి మంట తగ్గిపోయేది. ఆ రెండు దెబ్బలు తప్పించుకోవడానికి నేను యాభై ఏళ్ళకు పైగా ఊరుకున్నాను.