భూమిని తూచిన ఆదివారం

ఇరవై మూడేళ్ల వయసులో నాకు భూమిని తూచడానికి ధైర్యం ఉండేది గానీ నలుగురిలో నోరు విప్పడానికి ఉండేది కాదు. అమెరికాలోని అరోరాలో ఫిజిక్స్ ఎమ్మెస్ చదివే ఆ కాలంలో నా ఆదర్శం రెండు వందల ఏళ్ల నాటి ఓ ఇంగ్లీషు దొర. డ్యూక్ గారి మనవడు, అంతులేని ఆస్తి, మనుషులంటే మహా బెదురు. రాత్రి భోజనానికి ఏం వండాలో కూడా చీటీ రాసి బల్ల మీద పెట్టేవాడట. గదిలో సీసపు గుండ్లు వేలాడదీసి, బయట నుంచి టెలిస్కోపులో చూస్తూ భూమి బరువు తేల్చిన ఘనుడు. నేనూ అదే ప్రయోగం చేస్తున్నాను. సోమవారం పొద్దున ప్రొఫెసర్‌కి ఫలితం చూపించకపోతే అసిస్టెంట్‌షిప్ పోతుంది. అది పోతే చదువూ, వీసా కూడా దాని వెంటే.

మా తెలుగు చర్చిలో పాస్టరమ్మగారు వారం వారం "దేవుడు చేసిన మేలు గురించి అందరి ముందూ సాక్ష్యం చెప్పు బాబూ" అనేవారు. నేను దొరగారి పద్ధతిలో, ఆదివారం ఆరాధన మొదలవకముందే ప్రార్థన పెట్టెలో చీటీ వేసి ల్యాబ్‌కి జారుకున్నాను: "రేపటిలోగా భూమిని తూచాలి. ప్రార్థించండి." (ల్యాబ్ గది నంబరు కూడా రాయడం నా అతితెలివి.)

మధ్యాహ్నానికల్లా రెండు వ్యాన్లలో పద్నాలుగు మంది, పులిహోర గిన్నెతో సహా దిగారు. రాత్రంతా వదిలేస్తే గానీ ఊగడం ఆగని, సీసపు గుండ్లు వేలాడే నా త్రాసు చుట్టూ చేరి, దాని గాజుపెట్టె మీద చేతులుంచి "ప్రభువా!" అన్నారు. త్రాసు కాస్తా ఉయ్యాలైపోయింది.

"ఆంటీ, చేతులు తీయండి! అందరూ బయటికి నడవండి!" అని అరిచాను.

పాస్టరమ్మగారు కళ్లు తెరిచారు. "ఇంత గొంతు పెట్టుకుని సాక్ష్యం చెప్పడానికేనా సిగ్గు?"

"మన ఒంటి వేడికే కదిలిపోతుంది ఆంటీ" అని గొణిగాను.

"దేవుడికి గోడలు అడ్డమేంటి? పదండి, కారిడార్‌లో కూర్చుందాం."

తలుపు సందులోంచి నేను టెలిస్కోపులో చూస్తుంటే, నా వెనక పద్నాలుగు మంది గుసగుసగా ప్రార్థించారు. నడుమ నడుమ ఓ అంకుల్ "ఎంత తూగింది బాబూ?" అని అడుగుతూనే ఉన్నారు. చీకటి పడేసరికి త్రాసు నిలిచింది, అంకె వచ్చింది. మర్నాడు ప్రొఫెసర్ తల ఊపారు. అది ప్రార్థన బలమేనని నేటికీ నా నమ్మకం. తర్వాతి ఆదివారం సాక్ష్యం చెప్పాను. (చాలు, కూర్చోమనేదాకా చెప్పాను.)

ఇప్పుడు క్లాసులో ఈ ప్రయోగం చెప్పినప్పుడల్లా దొర గుర్తొస్తాడు. చివరి ఘడియల్లో నౌకరును కూడా గదిలోంచి పంపేశాడట. పాపం, భూమినంతా తూచినాయనకి కారిడార్‌లో కూర్చునే ఆంటీ ఒక్కరూ లేకపోయారు.