పనికిరాని కాలిక్యులస్

కాలిఫోర్నియాలో ఫ్రెస్నో దగ్గర నారింజకాయల ప్యాకింగ్ షెడ్డులో పగలంతా కాయలు ఏరి, సాయంత్రాలు రెండేళ్ల కమ్యూనిటీ కాలేజీలో చదివే యెసేనియా బాల్తజార్‌కి, వచ్చే ఏడు యూనివర్సిటీలో బిజినెస్ ఎకనామిక్స్‌లో చేరాలని ఆశ. ఆ కాలేజీలో సలహాదారులు నిలకడగా ఉండరు. మొదట్లో ఉన్నాయన, "బిజినెస్ చదివేదానివి, బిజినెస్ కాలిక్యులస్ తీసుకో" అన్నాడు. తీసుకుంది, 'ఎ' గ్రేడు తెచ్చుకుంది.

దరఖాస్తు పెట్టే ముందు కలిస్తే, కొత్త సలహాదారు హావర్టీ కంప్యూటర్ తెర మీంచి చూపు తిప్పకుండానే చెప్పాడు.

"ఈ బిజినెస్ కాలిక్యులస్‌ని ఆ యూనివర్సిటీ ఒప్పుకోదమ్మా. ఇంజనీర్లు చదివే కాలిక్యులసే కావాలి, రెండు భాగాలూ."

"నాకు 'ఎ' వచ్చింది కదా సార్!"

"వచ్చింది. పనికిరాదు."

"మీవాళ్లే కదా తీసుకోమన్నది?"

"ఆయన ఇప్పుడిక్కడ లేడు."

ఆ క్లాసులు పగలే జరుగుతాయి. పట్టుదల ఉంటే సాధించలేనిది లేదని కాలేజీ గోడ మీద రాసి ఉంటుంది. క్లాసులు ఎన్నింటికో మాత్రం ఆ గోడ చెప్పదు.

మర్నాడు షెడ్డులో పక్కన నిలబడ్డ ఒఫీలియా వేళాకోళమాడింది. "ఏమే ప్రొఫెసరమ్మా, మమ్మల్నెప్పుడు వదిలిపోతున్నావు?"

"ఎక్కడికీ పోవట్లేదులేవే," అంది యెసేనియా. "కుళ్లు కాయ వదిలేశావు, చూసుకో."