తోడేలుకు పెట్టిన పేరు

కొత్త జంపఖానా మడత విప్పితే వచ్చే వాసన, రంగునీళ్లలో నానిన నూలుది, సగం ఆరకముందే చుట్టిపెట్టినట్టు కొంచెం పుల్లగా ఉండేది, మొన్న సుబేదారిలో నా గదిలో ఒకటి పరుచుకుని కూర్చోగానే ముక్కుకు తగిలింది. ఒళ్లో లాప్‌టాప్ ఉంది. ఒక గేమ్‌లో పున్నమికి తోడేళ్లుగా మారే మనుషులకు పేర్లు వెతకడం నా పని. పేర్లు అల్లిచ్చే వెబ్‌సైట్ తెరిస్తే కోరలు, నీడ, నెత్తురు, చంద్రుడు అటూ ఇటూ కలిపి క్షణంలో నలభై పేర్లు విసిరింది. ఒక్కటీ నమ్మబుద్ధి కాలేదు. అలాంటి పేరుతో ఎవడైనా వీధిలోకి వస్తే కుక్కలకంటే ముందు మనుషులే అనుమానిస్తారు. తోడేలు మనిషి పేరు ఎలా ఉండాలో పదేళ్ల వయసులోనే, మట్టెవాడలోని మా గల్లీలో, మేము పిల్లలం తేల్చిపెట్టుకున్నాం.

దసరా సెలవులవి. వాడిన తంగేడు పూలు గల్లీ మూలన కుప్పగా పడి ఉండేవి, సద్దుల బతుకమ్మ నాటి నువ్వుల ముద్దలు డబ్బాల్లో అడుగంటేవి, లాగు జేబుల్లో పోసుకున్న సత్తుపిండి పరుగెత్తినప్పుడల్లా కారిపోతూ ఎవరు ఎటు పోయారో దారి చూపించేది, గల్లీ చివరి ఇంట్లోంచి పెంటయ్య కాక జంపఖానాలు నేసే మగ్గం చప్పుడు పొద్దున మొదలైతే దీపాలు పెట్టేదాకా ఆగేది కాదు. దీపం పెట్టాక మా నాయనమ్మ పామును పాము అనేది కాదు, పురుగు అనేది. తోడేలు పేరు అసలే ఎత్తనిచ్చేది కాదు. పేరు పెట్టి పిలిస్తే ఏదైనా వింటుందని ఆమె నమ్మకం.

టీవీలో ఏదో డబ్బింగ్ సినిమా చూసిన మర్నాడు మేము ఆరుగురం చీటీల ఆట ఒకటి కనిపెట్టాం. ఐదు చీటీల మీద 'మనిషి' అని, ఒకదాని మీద తోడేలు పేరు. తోడేలు చీటీ వచ్చినవాడు ఎవరికీ చెప్పకుండా ఒక్కొక్కరికి కన్ను కొట్టి చంపుకుంటూ పోతాడు, మిగిలినవాళ్లు వాడెవడో పట్టుకోవాలి. రెండో రోజుకే మేము అన్నం తింటూ కూడా ఒకరి రెప్పలు ఒకరం చూసుకునేవాళ్లం. గొడవంతా పేరు దగ్గరే వచ్చింది. ఎదురింటి శీను జాక్ అన్నాడు, జాన్సన్ అన్నాడు.

"జాన్సన్‌కు మట్టెవాడల ఏం పని రా?" అంది రమ. ఆమె పెంటయ్య కాక బిడ్డ, మా అందరిలోకీ చురుకైనది.

ఆ మాట నాకు సబబుగా తోచింది. రఫ్ నోటు వెనక పేజీలో నియమాలు రాసుకున్నాను. పేరు ఈ ఊరిదే కావాలి. వినగానే భయం పుట్టకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, ఆ పేరు వెనక ఏదో దాగి ఉండాలి.

మూడోదానికి తగిన పేరు నాయనమ్మే తెలియకుండా అందించింది. బియ్యం చెరుగుతూ ఆమె చెప్పిన సంగతి ఇది: "పుట్టినోళ్లు పుట్టినట్టే పోతాంటె, పిల్లగాన్ని పెంటకుప్ప మీద పండవెట్టి మళ్ల ఎత్తుకుంటరు. పెంటయ్య అని పిలుస్తరు. సావు వచ్చి సూసి, గిది నాకెందుకని మర్లిపోతది."

అంటే అది మారుపేరన్నమాట. సావును మోసం చేయడానికి పెట్టిన పేరు. ఆ సాయంత్రమే పెంటయ్య కాక మీద ఒక పేజీ తెరిచాను. పని దిగి వచ్చేటప్పుడు ఆయన మోచేతుల దాకా తెల్లటి బొచ్చు ఉంటుంది, పొద్దున ఉండదు. ప్రతి పున్నమికీ ఇంట్లో కనబడడు. గల్లీ కుక్కలు ఆయన్ని చూసి మొరగవు. మొరిగితే అనుమానించాలని అనుకున్నాను గానీ, మొరగకపోవడం ఇంకా అనుమానంగా అనిపించింది.

మర్నాడు ఆటలో తోడేలు చీటీ మీద ఎవరికీ చెప్పకుండా 'పెంటయ్య' అని రాశాను. ఆ చీటీ రమకు వచ్చింది.

విప్పి చూసుకుని, మడిచి, పిడికిట్లో పెట్టుకుంది. ముఖం కదలలేదు. వరసగా అందరికీ కన్ను కొట్టి మా ఐదుగురినీ చంపింది, ఒక్కరం పట్టుకోలేకపోయాం. తర్వాత చీటీ నేల మీద పరిచింది.

"మా నాయిన పేరు ఎవలు రాసిండ్రు?"

అప్పటిదాకా ఆట కోసం చూసుకున్న చూపులు నిజంగానే ఒకరి మీదికి ఒకరివి తిరిగాయి. శీనుకు భయమేస్తే నవ్వొస్తుంది. వాడు నవ్వాడు.

"శీనుగాడే. సూడు, నవ్వుతాండు," అన్నాను నేను.

రమ చీటీ తీసుకుని లేచి ఇంట్లోకి పోయింది. మగ్గం చప్పుడు ఆగింది. పెంటయ్య కాక చీటీ పట్టుకుని వచ్చి మా మధ్య గొంతుక్కూర్చున్నాడు. తిట్టలేదు.

"నన్నెందుకు తోడేలును జేసిండ్రు రా?"

"పున్నమికి నువ్వుండవు గద కాకా," అన్నారెవరో సన్నగా.

"పాలంపేటల మా అవ్వ పున్నమికి ఒక్కపొద్దుంటది. నేను పోకుంటె ఇడువది, తినది." చీటీ మళ్లీ చదువుకున్నాడు. "నా ముంగట ముగ్గురు పోయిండ్రు. గీ పేరు వెట్టినంకనే నేను దక్కిన. మీ తోడేలుకు గిదే ఉంచుండ్రి, మంచిగ బతుకుతది. గింత ఆలోచన జేసినోడు ఎవడు?"

తిట్టు పడుతుందని దాక్కున్నవాణ్ని, మెప్పు వచ్చినా బయటికి రాలేకపోయాను.

"నేనే కాకా," అన్నాడు శీను.

ఆయన వాడి తల నిమిరాడు. చెయ్యి తీసేసరికి శీను నల్లటి జుట్టు మీద తెల్లటి నూలు నూగు అంటుకుని ఉంది. నా పేజీలో మొదటి ఆధారం అదే.

సెలవులు అయిపోయేదాకా రమ శీనుతో మాట్లాడలేదు. నాతో మాట్లాడింది, తన సత్తుపిండిలో సగం పెట్టింది, నేను తిన్నాను. మరుసటి ఏడాది వాళ్లు గల్లీ ఖాళీ చేసి పోయారు. ఎటు పోయారో మాకెవరూ చెప్పలేదు.

ఆ మగ్గం ఉన్న గది ఇప్పుడు పార్సిళ్ల గోదాం. గల్లీలో పిల్లల పేర్లన్నీ రెండక్షరాలు, ఫోన్లో వెతికి పెట్టినవి. పెంటయ్య అనే పేరు నేను చివరిసారి ఎప్పుడు విన్నానో లెక్కకు రావడం లేదు. సావు దవాఖానలోనే ఆగిపోతుందని నమ్మకం కుదిరాక ఆ పేరుతో ఎవరికీ అవసరం లేకపోయినట్టుంది.

ఆదివారం శీను మొబైల్ రిపేరు షాపుకు పోయాను. వాడు ఒక ఫోన్ అద్దం ఊడదీస్తున్నాడు.

"శీనూ, ఆ చీటీ రాసింది నేను," అన్నాను.

తల ఎత్తలేదు. "నాకు యాదికి లేదు రా. చాయ్ తాగుతవా?"

తాగాను. ఇంటికి వస్తూ దారంతా అదే ఆలోచించాను. నిజంగా మరిచిపోయినవాడు ముందు 'ఏ చీటీ?' అని అడగాలి కదా. శీను అడగలేదు.