మా మిల్లమ్మ, ఒక్క పట్టు బియ్యం

మా ఊరి మిల్లమ్మ పోయింది. పొద్దున్నే నేను పాలు పితికి ఇంట్లోకి వస్తుంటే ఆమె కోడలు మా గడప దగ్గర నిలబడి, "చిన్నత్తయ్యా, అత్తయ్య ఎంత లేపినా పలకట్లా" అంది. పాల చెంబు అరుగు మీద పెట్టి పరుగెత్తాను. నిద్రలోనే పోయింది. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. గోళ్ల సందుల్లో తవుడు. ముందు రోజు సాయంత్రం దాకా తన బియ్యం మిల్లు ఆడించింది కదా, ఆ తవుడు. స్నానం చేయించేటప్పుడు ఆడవాళ్లు ఎంత రుద్దినా పూర్తిగా పోలేదు. "ఉండనియ్యండే, ఆమె సొమ్మే కదా, తీసకపోనీ" అన్నాను.

నాకు అక్షరం ముక్క రాదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. "కొంచెం మెత్తగా రాయనా నాయనమ్మా?" అని అడిగింది. రాశావంటే కాగితం చింపి పొయ్యిలో పెడతానన్నాను. చనిపోయిన మనిషి గురించి నాలుగు మంచి మాటలు చెప్పి ఊరుకోవడం నాకు చేతకాదు. ఆమె తరఫున నేను చెప్పాల్సిన మాటలు రెండున్నాయి.

దినాలు కాకముందే ఆమె కొడుకు మిల్లు అమ్మేద్దామని మాట తీశాడు. పిల్లవాడు చెడ్డవాడు కాదు. నరసరావుపేటలో ఎరువుల కొట్లో పని చేస్తాడు, తల్లిని ఏనాడూ మాట అనలేదు. "ఇప్పుడు ఎవరు ఆడిస్తున్నారు పిన్నీ? అందరూ పేట నుంచి బస్తాలే తెచ్చుకుంటున్నారు. పాత ఇనుము కొనేవాడు వచ్చి చూసిపోయాడు" అన్నాడు. ఆ పక్కన కోడలు అంట్లు తోముతూ తల వంచుకునే ఉంది. తోమిన గిన్నెనే మళ్లీ తోముతోంది. ఇంతలో వీధిలో ఎవరో, "పోనీలే, ఆ మబ్బు బియ్యం పీడ వదిలింది" అన్నారు. అన్నది ఎవరో నాకు తెలుసు. చెప్పను. కానీ వాళ్లు ఇది చదవాలి, లేకపోతే చదివించుకుని వినాలి.

మిల్లమ్మది తెనాలి అవతల, వరి తప్ప ఇంకోటి ఎరగని నేల. ఇక్కడికి కాపురానికి వచ్చేసరికి మాకు సాగర్ కాలవ వచ్చి ఎంతో కాలం కాలేదు. అప్పటిదాకా మేం జొన్న సంకటి తిని బతికినవాళ్లం. వరి అన్నం అంటే పెళ్లికీ పేరంటానికీ. కాలవ కింద మడులు కట్టి వరి నాటడమైతే నేర్చుకున్నాం గానీ కోసిన వడ్లను ఏం చెయ్యాలో మాకు తెలియలేదు. మాకు తెలిసిందల్లా మిరపకాయ. మిరపకాయను కళ్లంలో పలచగా నెరిపి, గలగలలాడేదాకా ఎండలో వదిలేస్తాం కదా, వడ్లనూ అట్లాగే చేశాం. మా పల్నాడులో ఇంటింటికీ వాకిట్లో నాపరాళ్లే. మధ్యాహ్నం ఎండలో వాటి మీద కాలు పెడితే బొబ్బలెక్కుతుంది. మా ఇంటాయన ఆ రాళ్ల మీద వడ్లు పోసి, సాయంత్రం అయినా ఎత్తకుండా, రాత్రి మంచులో కూడా అట్లాగే వదిలేసేవాడు.

ఆ వడ్లు మిల్లుకి తీసుకుపోతే సగానికి సగం నూకలొచ్చాయి. తప్పు మా ఇంటాయనది, పోట్లాటకు పోయింది మాత్రం నేను. చేటలో నూకలు పోసుకుని మిల్లు గుమ్మంలో నిలబడి, "ఏందమ్మా ఇది? మంచి బియ్యం నువ్వు దించుకుని నూకలు మా మొహాన కొడతన్నావా?" అని అరిచాను. వరసలో ఉన్నవాళ్లంతా చూస్తున్నారు.

ఆమె నా మీద అరవలేదు. మా గోతంలో మిగిలిన వడ్లలోంచి ఒక గింజ తీసి, గోటితో పొట్టు వలిచి, కిటికీ వెలుగుకు ఎదురుగా పట్టుకుంది. "ఇటు రావే చెల్లే, చూడు" అంది. చూశాను. గింజ నడుమన వెంట్రుకలాంటి గీత.

"ఇది మిల్లు చేసిన పని కాదే. మీ వాకిలి చేసింది. మాడే రాయి మీద పగలంతా వేడెక్కి, రాత్రి మంచుకు చల్లబడితే గింజ లోపల పగులుద్ది. పొట్టు కప్పుకుని ఉంటది గాబట్టి మనకు కనపడదు. మిల్లులో పడగానే ఆ గీత కాడే విరుగుద్ది."

"మరి మిరపకాయ పగలదే?"

"మిరపకాయ మొండిదే, నీలాగా. వడ్లగింజ అట్టా కాదు. కాసేపు ఎండ చూపించి, వేడెక్కేలోగా కుప్పజేసి గోనెపట్టా కప్పు. కొంచెం సేదదీరనిచ్చి మళ్లా నెరుపు. తొందరపడితే నూకలే."

అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. "నాలాగానా?" అని చేట అక్కడే వదిలేసి వచ్చాను. సాయంత్రం ఆ చేట పట్టుకుని మా ఇంటికి ఆమే వచ్చింది. నూకలు చెరిగి, మట్టిగడ్డలు ఏరి తెచ్చింది. "ఉప్మా చేసి పెడతావా, లేక ఇంకా కోపమేనా?" అని అరుగు మీద కూర్చుంది. చేసి పెట్టాను. ఆ రోజు నుంచి ఆమె నాకు అక్క.

ఇక మబ్బు బియ్యం సంగతి. మా ఊళ్లో పద్ధతి ఏమిటంటే, తవుడు మిల్లుకి వదిలేస్తే ఆడించిన కూలి ఇవ్వక్కర్లేదు. బియ్యాన్ని ఒక పట్టు, అంటే ఒకసారి పాలిషు, వేస్తే కొంచెం తవుడు, ఇంకో పట్టు వేస్తే ఇంకొంచెం తవుడు. బియ్యం తెల్లబడేకొద్దీ మిల్లువాళ్లకే లాభం. జొన్నలు తిన్న నోళ్లు కదా మావి, తెల్లటి అన్నం విస్తట్లో పడితేనే గొప్ప అనుకునేవాళ్లం. "ఇంకో పట్టు వెయ్యి, ఇంకో పట్టు వెయ్యి" అని అందరూ ఆమె ప్రాణం తీసేవాళ్లు. ఆమె వేసేది కాదు. ఒక్క పట్టు వేసి, బియ్యం ఇంకా మబ్బు రంగులో ఉండగానే స్విచ్చి ఆపేసేది.

మా అత్తగారు ఒకసారి మా ఆడపడుచు పెళ్లిచూపులకని వడ్లు పంపింది. మల్లెపూవులా రావాలని మరీ మరీ చెప్పింది. నేను ఆ మాటే చెబితే మిల్లమ్మ, "తెలుపు కావాలంటే గోడకు సున్నం వెయ్యవే. పొట్టకెందుకు?" అంది. మన పిడుగురాళ్ల సున్నం తెల్లదనం తెలిసినవాళ్లకు ఆ మాట ఎంత చురుక్కుమంటుందో చెప్పక్కర్లేదు. ఆ లేత గోధుమ రంగు బియ్యమే వండి పెట్టాం. పెళ్లి కుదిరింది. పిల్లవాడు మారు అన్నం వేయించుకున్నాడు కూడా.

ఒళ్లు బద్ధకమని ఆమెను తిట్టారు. కరెంటు మిగుల్చుకుంటోందని తిట్టారు. తనకు రావాల్సిన తవుడును మన కడుపుల్లోనే వదిలేస్తోందని ఒక్కరికీ తట్టలేదు. ఇది నేను చెప్పాల్సిన మాటల్లో మొదటిది.

కొత్త వడ్లు తెస్తే గుమ్మంలోంచే వెనక్కి పంపేది. ముందు ఒక గింజ కొరికేది. కటుక్కుమంటే లోపలికి రమ్మనేది. మెత్తగా నలిగితే, "దీనికింకా పొలం వాసన కూడా పోలా. గడ్డి పురిలో పోసి నిద్రపోనియ్యండి. నిద్ర చాలని గింజ కుండలో ఏడుస్తది" అనేది. అన్నం ముద్దగా అయిపోవడాన్ని ఆమె గింజ ఏడవడం అనేది. పాత బియ్యం వండితే గింజకు గింజ విడివిడిగా సాగి, కుండ నిండా పొంగుతుంది. "చూడు, ఎంత హాయిగా లేచిందో" అని పసిపిల్లను చూసినట్టు చూసేది.

భర్త పోయినప్పుడు కూడా మిల్లు అమ్మేయమని ఇదే మాట వచ్చింది. ఆడమనిషి, బెల్టు దగ్గర చీర చిక్కితే ఏమవుతుందని పెద్దలు భయపెట్టారు. ఆమె మైల తీరగానే కొంగు బిగించి నడుముకు చుట్టి, తలకు తువ్వాలు కట్టి స్విచ్చి వేసింది. స్విచ్చి పక్కన గోడకు ఒక మేకు ఉంది. కాపురానికి వచ్చిన కొత్తలో భర్తకు సాయం చెయ్యడానికి మిల్లులోకి వచ్చినప్పుడల్లా చేతి గాజులు తీసి ఆ మేకుకు తగిలించేది. ఆయన పోయాక తగిలించడానికి ఆమెకు గాజులు లేవు. మేకు మాత్రం పీకలేదు. చాలా ఏళ్లు ఉత్తిగానే ఉంది.

కోడలు వెల్దుర్తి వైపు పిల్ల. మెట్ట పొలాల మనిషి, వరి దుబ్బు చూసి గడ్డి అనుకుంది. ఆ పిల్లను మిల్లులోకి తీసుకెళ్లి మిల్లమ్మ మొదట చెప్పిన పని గాజులు తియ్యమని. పిల్ల బిక్కచచ్చిపోయింది. "పెళ్లయి నెల కూడా కాలా, గాజులు తియ్యమంటందేంది?" అని నా దగ్గరకు వచ్చి ఏడ్చింది. నేను పోయి అడిగితే మిల్లమ్మ, "ఈ బెల్టుకు కొత్త పెళ్లికూతురు, ముసలిముండ అని తేడా తెలవదు చెల్లే. చేతులుంటే గాజులు మళ్లా తొడుక్కోవచ్చు" అంది. తనే ఆ పిల్ల చేతికి సబ్బు రాసి ఒక్క గాజు కూడా చిట్లకుండా తీసి మేకుకు తగిలించింది. అప్పటి నుంచి ఆ మేకుకు మళ్లీ గాజులు వచ్చాయి. గింజ కొరకడం, వెలుగులో గీత చూడటం, తవుడును వేళ్ల మధ్య నలిపి పట్టు ఎక్కువైందో లేదో తెలుసుకోవడం, అన్నీ ఆ పిల్లకు వచ్చు. ఈ మధ్య మిల్లు నడిపింది సగం ఆ పిల్లే. ఆ మాట కొడుక్కి తెలుసు. తెలిసీ దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

పెద్దకర్మ రోజు వచ్చింది. కొడుకు పేట నుంచి బియ్యం బస్తాలు తెప్పించాడు. ముత్యాల్లా తళతళలాడుతున్నాయి. పొద్దున్నే కర్మలు అయ్యాయి, పందిట్లో జనం కూర్చున్నారు. వంట మేస్త్రి గుండిగ మూత తీసి గరిటె గుచ్చాడు. గరిటె నిటారుగా నిలబడింది.

బంతిలో ముందు కూర్చున్న పెద్దాయన తొంగిచూసి, "ఒరేయ్, మిల్లమ్మ కర్మకు సంకటి వండార్రా! ఆమెగ్గానీ తెలిస్తే లేచొచ్చి తిడతది" అన్నాడు. నవ్వాలో ఏడవాలో ఎవరికీ తెలియలేదు. కొడుకు మొహం చిన్నబోయింది.

నేను బస్తాలోంచి గింజ తీసి కొరికాను. మెత్తగా నలిగింది. "నిన్నగాక మొన్నటి వడ్లు ఇవి. తెల్లగా మెరిసిందని తెచ్చావా నాయనా?"

"పాత బియ్యమనే ఇచ్చారు పిన్నీ."

"ఇచ్చేవాడు ఇస్తాడు. మీ అమ్మ కడుపున పుట్టి గింజ కొరక్కుండా తెచ్చావేందిరా?"

కోడలు మిల్లు తలుపు దగ్గర నిలబడి ఉంది. తాళంచెవి ఆ పిల్ల కొంగుకే ఉంది. వెనక పురిలో నిరుటి వడ్లు ఉన్నాయి, మిల్లమ్మ ఇంటికని పోసుకున్నవి. పిల్ల మొగుడి వైపు చూసింది. వాడు, "ఇంతమంది ముందరా? ఇప్పుడా?" అన్నాడు మెల్లిగా.

"ఇంతమంది ముందరే. మైల తీరింది, కరెంటు ఉంది. నీ పెళ్లాం ఉంది. ఇంకేం కావాలిరా నీకు?" అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను.

పిల్ల తాళం తీసింది. కర్మకు పెట్టిన కొత్త చీర కొంగు నడుముకు బిగించింది. అత్తగారి తువ్వాలు తలకు కట్టుకుంది. గాజులు తీసి మేకుకు తగిలించింది. గింజ కొరికింది, కటుక్కుమంది. వడ్లు తొట్టిలో పోసి స్విచ్చి వేసింది. అన్ని రోజులు మూగగా ఉన్న మిల్లు ఒక్కసారి మోత మొదలెట్టేసరికి పందిట్లో ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

ఒక పట్టు అయింది. స్విచ్చి ఆపబోతుంటే, ఆ మబ్బు బియ్యం అన్న మనిషే గుమ్మంలోకి వచ్చి, "పెద్దకర్మ భోజనమమ్మా, ఇంకో పట్టు వెయ్యి, తెల్లగా ఉండాల" అంది.

పిల్ల తల కూడా తిప్పలేదు. "ఇది చాలు పెద్దమ్మా. తెలుపు కావాలంటే గోడకు సున్నం వేసుకో."

ఊరంతా నవ్వింది. ఆ నవ్వులోనే చాలామందికి కళ్లు తడిశాయి. కొడుకు వచ్చి బియ్యం గంప భుజానికెత్తుకుని పొయ్యి దగ్గరకు మోశాడు. భోజనాలు బాగా ఆలస్యమయ్యాయి, అయినా లేచిపోయినవాళ్లు లేరు. అన్నం గింజకు గింజ విడిగా లేచింది. ఆ పెద్దాయన పప్పు కలుపుకుని, "ఇదీ మిల్లమ్మ భోజనమంటే" అన్నాడు.

సాయంత్రం కొడుకు నా దగ్గర కూర్చుని, "ఈ పంట దాకా చూద్దాం పిన్నీ. వడ్లొస్తే ఉంచుదాం" అన్నాడు. వస్తే అన్నాడు. అందుకే ఈ కాగితం రాయిస్తున్నాను. ఇది నా రెండో మాట. మీ ఇళ్లల్లో వడ్లున్నాయి. పేటకు బండి కట్టకండి. మిల్లమ్మ కోడలి దగ్గరకు తెండి. వడ్లను నాపరాళ్ల మీద మాడ్చకుండా తెండి, లేకపోతే ఆ పిల్ల మీ మొహానే చెబుతుంది. నేర్పిన మనిషి అట్లాంటిది.

ఆ రోజు అందరూ వెళ్లాక కూడా నేను మిల్లు గుమ్మంలో కూర్చున్నాను. ఇంకెవరో అప్పటికే ఒక గోతం తెచ్చి దించారు. మిల్లు ఆడుతోంది. గోడ అదురుతోంది. మేకుకున్న ఎర్ర గాజులు వణుకుతున్నాయి. ఆ మోతలో వాటి చప్పుడు వినపడదు, ఒకదాన్నొకటి తాకడం మాత్రం కనపడుతుంది. వాటి మీద తవుడు సన్నగా పడుతూ ఉంది.