మంగళవారం నాడు మీగడ జావ

సిగ్గులేదర్రా మీకు? ప్రతి ఆదివారం చర్చికి పోతూ ఆ సమాధి పక్కనించే నడుస్తారు. ఇది ఎవరిదే అమ్మమ్మా అని ఒక్కడన్నా అడిగాడా? కెప్టెన్ ఓస్‌మున్‌కి ఊరి నడుమ రాతిపలక వేయించారు, దాన్ని ఆనుకుని ఐస్‌క్రీములు నాకుతారు. ఆ కెప్టెనుకి కడుపు నింపినవాడు మాత్రం ఎవడికీ అక్కర్లేదు. తోర్మోద్ అతని పేరు. మీ తాతకి అన్న, నాకు బావ. నోళ్ళు మూసుకుని వినండి.

సోల్‌వోగ్ అనే ఓడమీద వంటవాడు. మన కార్మోయ్ దీవి మొగాళ్ళకి సముద్రం మీద ఏ వారమో చెప్పేది పళ్ళెమే కదా. మంగళవారం ఉప్పుచేప, గురువారం బఠాణీ చారు, శనివారం బియ్యపు జావ. ఇక పుల్లమీగడ జావంటారా, అది పండక్కి, పురుటికి, పెద్ద ప్రయాణానికి. ఊరికే వండితే అరిష్టం, వండాల్సిననాడు వండకపోతే ఇంకా అరిష్టం.

యుద్ధం మొదట్లో ఆ ఓడ వేరుశనక్కాయలు ఎత్తుకోడానికి ఆఫ్రికాలో డకార్ రేవుకి పోయింది. ఇక్కడ మనం జర్మనీవాళ్ళ కింద పడ్డాం, మన వెనకాలే ఫ్రాన్సూ పడింది. డకార్‌లో పెత్తనం ఫ్రెంచివాళ్ళది. వాళ్ళు జర్మనీవాళ్ళకి భయపడి, "మీరు కదలడానికి లేదు" అని మనవాళ్ళ ఇంజన్లోంచి ఓ ముక్క ఊడబీక్కుపోయారు. ఏడాదిపాటు ఓడ ఆ ఎండలో చక్రం ఊడిన బండిలా పడుంది.

కాపలాకి తుపాకీ ఇచ్చి ఓ సిపాయిని ఎక్కించారు. గుల్వెన్ అని, ఫ్రాన్సులో బ్రెటనీ ఒడ్డువాడు, ఉల్లిపాయల రైతు కొడుకు. మొదటిరోజే వంటగదిలోకి తల దూర్చి, "ఏవయ్యా వంటాయనా, ఈ కంపేంటి? శవాన్నేమన్నా ఉడకేస్తున్నావా?" అన్నాడు.

"ఉప్పుచేప. మంగళవారం" అన్నాడు తోర్మోద్. అంతకంటే మాట్లాడితే ముత్యాలు రాలతాయి ఆయనకి.

ఆ శవాన్నే రెండు పళ్ళేలు తిన్నాడు గుల్వెన్. ఆ తర్వాత రోజూ వంటగది గడపమీదే కాపలా. రేవులో నేర్చిన ముక్కలతో ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటూ స్నేహితులైపోయారు.

పైన కుర్రాళ్ళు పొద్దస్తమానం సుత్తులతో తుప్పు కొట్టేవాళ్ళు. మన ఓడవాళ్ళు ఖాళీగా కూచోలేరని ఫ్రెంచివాళ్ళు నవ్వుకునేవాళ్ళు. ఆ చప్పుడు చాటున కింద ఇంజనీరు ఊడబీకిన ముక్కకి బదులు కొత్తది అరగదీస్తున్నాడు.

ముక్క కుదిరింది. వానాకాలం వచ్చింది. మంగళవారం సాయంత్రం వాన అడ్డం పెట్టుకుని జారుకుందామన్నాడు కెప్టెను.

"మరి గుల్వెన్?" అన్నాడు తోర్మోద్.

"కర్రతో తలమీద ఒక్కటిచ్చి పడవలో పడేస్తాం" అన్నాడు కెప్టెను. "అరిచాడో, సముద్రంలోకే."

తోర్మోద్ పోయి వంట చేశాడు. ఏం చేశాడు? మీగడ జావ! ప్రాణాలమీదికొచ్చే ప్రయాణానికి మొగాళ్ళని ఉప్పుచేప పెట్టి పంపుతారా ఎక్కడన్నా? డబ్బాపాలు నిమ్మకాయతో పులియబెట్టి, దాచుకున్న వెన్నంతా పోసి, పైన చక్కెర చల్లాడు. చేతులు వాటంతటవే చేసుకుపోయాయి. ఆలోచన ఉంటేగా!

గుల్వెన్ పళ్ళెం తీసుకున్నాడు. చూశాడు.

"ఇవాళ మంగళవారం కదయ్యా."

తోర్మోద్‌కి అప్పుడు తెలిసొచ్చింది. "మా నడివేసవి పండగ" అన్నాడు.

"నీ మొహం. అది పోయిన సోమవారమే అయింది. పెట్టెలు విరగ్గొట్టి మంటేశారు, నేనూ పక్కన కూచుని చలికాచుకున్నట్టు నటించాను."

గుల్వెన్ జావంతా తిన్నాడు, పళ్ళెం నాకాడు. లేచి కడుపు పట్టుకున్నాడు. "చంపావురా వంటోడా! ఏం కలిపావు ఇందులో? నే డాక్టరు దగ్గిరికి పోవాలి" అని రేవంతా వినపడేట్టు మూలుగుతూ ఒడ్డుకి దిగిపోయాడు. వెనక్కి చూళ్ళేదు.

వాన పడింది. ఓడ బయటపడింది. దూరం పోయాక కెప్టెను మెడ పట్టుకున్నాడు తోర్మోద్‌ని: "ఒరేయ్ మొద్దూ! పారిపోయేనాడు పండగ వంటా? ఓ డప్పు కూడా కొట్టించకపోయావా?"

మనవైపువాళ్ళ ఫ్రీటౌన్ రేవు చేరాక ఓ కబురు తెలిసింది. ఓడని వదిలేసిన కాపలావాణ్ణి గోడకి నిలబెట్టి కాల్చేశారట.

అప్పట్నించి తోర్మోద్ యుద్ధం అయ్యేదాకా అట్లాంటిక్ మీదే తిరిగాడు. యాభై అరవై ఓడలు మందగా పోయేవి. ఒకదానికి దెబ్బ తగిలితే పక్కవి ఆగకూడదు, ఆగితే అదీ పోతుంది. ఓసారి తొక్కలు పారబొయ్యడానికి పైకొచ్చాడు. నీళ్ళలో ఒకడు టోపీ ఊపుతున్నాడు. వీళ్ళ ఓడ ఆగలేదు. వంటగదిలోకొచ్చి పొయ్యి ముందు కూలబడ్డాడు. "ఒకణ్ణి వదిలేసి పోవడం నాకది రెండోసారి" అని మీ తాతతో ఒక్కసారే అన్నాడు, అదీ తాగి. టార్పెడోలకి భయపడలేదు ఆ మనిషి. తన చేతివంట ఒకణ్ణి చంపిందన్నదే ఆయన్ని తినేసింది. ఇంటికొచ్చినా పొయ్యి ముట్టలేదు. వలలు అల్లుకుంటూ కూచున్నాడు.

చాన్నాళ్ళకి మళ్ళీ ఓడెక్కితే, కార్డిఫ్‌లో ఓ బ్రెటనీవాడు సైకిలుకి ఉల్లిపాయల జడలు వేలాడేసుకుని అమ్ముతున్నాడు. వాడి భుజం పట్టుకుని అడిగాడు: "గుల్వెన్ అని, డకార్‌లో కాపలా ఉండేవాడు. అతని వాళ్ళెవరన్నా ఉన్నారా?"

"వాళ్ళెందుకు? వాడే ఉన్నాడు. కుంటివాడు. నోరు మంచిది కాదు, జాగ్రత్త."

ఆ ఉల్లిపాయలవాళ్ళ పడవలోనే బ్రెటనీకి పోయాడు. మడిలో కుంటుతూ గడ్డలు తవ్వుతున్నవాడు తలెత్తాడు.

"నువ్వా, జావ వంటోడా! ఇన్నాళ్ళకి గుర్తొచ్చానా?"

"నిన్ను కాల్చేశారన్నారు."

"రెండేళ్ళు ఎడారిలో రాళ్ళు కొట్టించారు. కాలు అక్కడే అవిటిదైంది."

"నా వల్లే" అన్నాడు తోర్మోద్.

"నీ వల్లే, ఇంకెవరి వల్ల!" గయ్యిమన్నాడు గుల్వెన్. "నేనూ సముద్రం ఒడ్డున పుట్టినవాణ్ణే. తుప్పు కొట్టే సుత్తికీ, ఇనుము అరగదీసే ఆకురాయికీ తేడా తెలీదా నాకు? ఏరోజు పోతారో తెలీలేదంతే. పెద్ద ప్రయాణానికే ఆ జావ వండుతారని నువ్వే చెప్పావుగా, అది చూసి తెలిసింది. లేకపోతే ఓడమీదే ఉండేవాణ్ణి. మీరు నన్ను చంపేవాళ్ళు, లేదా నేను నిన్ను కాల్చేవాణ్ణి. ఏది బావుండేది? చెప్పు!"

చెడిన కాలు బాగుపడదు కదా. తోర్మోద్ కోటు విప్పి గట్టుమీద పెట్టి, గుల్వెన్ చేతిలో పార తీసుకుని మిగిలిన చాలు తవ్వడం మొదలెట్టాడు.

"లోతుగా పొయ్యకు, గడ్డ తెగుద్ది" అన్నాడు గుల్వెన్, గట్టుమీద కూలబడి కాలు చాపుకుని.

ఆ తర్వాత తోర్మోద్ ఏటా కోతలకి పోయేవాడు. గుల్వెన్ చనిపోయిన ఏడాది కూడా పోయి, వాళ్ళావిడకి మడి తవ్విపెట్టొచ్చాడు. ఆ చలికాలమే మంచానపడ్డాడు. పోయేనాటికి ఆయనకి అరవై ఎనిమిదేళ్ళు.